అంచు లేని జంపఖానా

ఆదోని,
11 నవంబరు 2024

వదినగారికి రుక్మిణి నమస్కారాలు.

అందరం కుశలమని మొదలుపెడదామని కలం పట్టుకున్నాను కానీ చెయ్యి ఆడలేదు. ఫోనులో చెబుదామంటే మీకు వినపడదు, నేను అరవాలి. నేను అరిస్తే మీ తమ్ముడు గదిలో నుంచి "ఎవురితో కొట్లాడుతాండావమ్మా?" అని వణికిపోతూ లేస్తారు. అందుకే ఈ ఉత్తరం. మార్కెట్ యార్డులో కాటా దగ్గర పనిచేసే మీ వీధి దుర్గప్ప రోజూ సాయంత్రం బస్సుకు ఎమ్మిగనూరు వస్తాడు కదా, అతని చేతికిస్తున్నాను.

నన్ను "అమ్మా" అంటున్నారని గమనించారా? పత్తి అమ్మడానికి వచ్చిన రైతుల ఆడవాళ్లను ఎలా పిలిచేవారో నన్నూ అలాగే పిలుస్తున్నారు. "రుక్మిణీ" అని నోరారా పిలిచి ఏడాది దాటింది. దానికి అలవాటుపడ్డాను. ఇప్పుడు నేను రాసేది వేరే భయం.

శ్రావణంలో శశికాంత్ కొత్తింటికి వచ్చేశాం కదా. మన పత్తి మండీ పైన పాతింట్లో మెట్లున్నాయి, నాన్న పడిపోతాడని వాడి దిగులు. అందుకే మెట్లే లేకుండా కట్టించాడు. తెల్లటి పలకలు, వంగితే మన ముఖం మనకే కనిపిస్తుంది. గదికీ గదికీ మధ్య జానెడు వెడల్పు నల్ల గ్రానైట్ పట్టీ వేయించాడు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఈయన మాత్రం ఆ పట్టీ దగ్గరకు రాగానే ఆగిపోతారు. గోడ పట్టుకుని కిందికి చూస్తూ "నీళ్లుండాయి, లోతుండాది" అంటారు. బాత్రూము ఆ పట్టీకి అవతల ఉంది. ఎంత బతిమాలినా దాటరు. అక్కడే బట్టలు తడుపుకుని సిగ్గుతో నిలబడతారు. మొన్న శశికాంత్ విసుగొచ్చి ఆ పట్టీ మీదికెక్కి "నాన్నా, ఇది రాయి, రాయి!" అని కాలితో తన్నాడు. ఈయన కెవ్వుమని కళ్లు మూసుకున్నారు.

నిన్న ఉదయం నేను వంటింట్లో ఉండగా ఆ పట్టీని ఒక్క గెంతు గెంతారు. నున్నటి పలక మీద కాలు నిలవలేదు. మోచెయ్యి కమిలింది, అంతటితో పోయింది. కర్నూలు డాక్టరు ముందే చెప్పాడు, ఈ మతిమరుపు జబ్బుకు తోడు ఎముకలు గుల్లబారాయట. తుంటి విరిగితే ఇక మంచం దిగడం ఉండదన్నాడు. అది తలచుకుంటే ముద్ద దిగడం లేదు వదినా. నడిచినన్నాళ్లే ఆయన మనిషిగా ఉంటారని నాకు తెలుసు.

చిన్నప్పుడు ఆయన బావిలోనో ఏట్లోనో పడి భయపడ్డారా? మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు. రాయండి.

మీ
రుక్మిణి

*

ఎమ్మిగనూరు,
14 నవంబరు 2024

రుక్మిణికి హనుమంతమ్మ దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి కళ్లజోడు తుడుచుకుని. ఇంద్రసేనుడికి నీళ్లంటే భయమా? చిన్నప్పుడు మాధవరంలో తుంగభద్ర గట్టు మీద మా అమ్మ నిలబడి తిడుతుంటే, వినపడనట్టు అవతలి ఒడ్డుదాకా ఈదిపోయినవాడు వాడు. బావీ లేదు, ఏరూ లేదు. అది నీళ్ల భయం కాదు, మీ ఇంట్లో ఎవరో వాణ్ని గదమాయిస్తున్నారు. నువ్వు మెతకదానివని తెలుసు. నీ కొడుకు గొంతు మాత్రం వేలంపాట పాడినట్టుంటుంది, మాట్లాడితే మండీ అంతా తిరిగి చూస్తుంది. వాణ్ని కాస్త మెల్లగా మాట్లాడమను.

కొత్తింటికి దిష్టి తగిలి ఉంటుంది, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వెయ్యి. ఇంకోమాట. ఆ నున్నటి రాళ్ల మీద నేనైనా నడవలేను, డెబ్బై రెండేళ్లవాడు ఎట్లా నడుస్తాడు? కాలికింద మెత్తగా ఉండాలి. మా పక్కవీధి దేవేంద్ర మగ్గం మీద ఒక జంపఖానా తయారుగా ఉంది. ఎరుపు మీద నల్లచారలు, చుట్టూ నాలుగు వేళ్ల నల్లంచు. జంపఖానాకు అంచే అందం. దుర్గప్ప తెస్తాడు. పరిచి, నా తమ్ముడేమన్నాడో రాయి. నా చెవులు పోయినా వాడి మాటలు కాగితం మీద వినపడతాయి.

మోచేతికి నువ్వులనూనె వెచ్చచేసి రాయి. గట్టిగా రుద్దకు.

హనుమంతమ్మ

*

ఆదోని,
21 నవంబరు 2024

వదినగారికి నమస్కారాలు.

జంపఖానా అందింది. బాగుంది వదినా, చాలా బాగుంది. ఆయన వేళ్లతో రాసి చూసి "ఏ నంబరు నూలు?" అని అడిగారు. హాల్లోనే పరిచాం.

దిష్టి తీశాను. నవ్య నవ్వుకుంది. కోడలు మంచిదే, బడిలో పాఠాలు చెప్పి వచ్చి అలసిపోయి ఉంటుంది పాపం. పగలంతా ఇంట్లో నేనూ ఆయనే.

కొత్తగా ఇంకొకటి మొదలైంది. ఇంటి ముందు వసారాలో వేసింది బూడిదరంగు గ్రానైట్, దాని నిండా తెల్లచుక్కలు. ఎండ పొడకు ఆయన్ని అక్కడ కూర్చోబెడితే ఊరుకోవడం లేదు. కిందికి వంగి నేల మీద ఏవో ఏరుతున్నారు. రెండు వేళ్లతో గిల్లినట్టు తీసి, కళ్లకద్దుకుని, ఒళ్లో పెట్టుకుంటారు. ఒళ్లో చూస్తే ఏమీ ఉండదు. మళ్లీ వంగుతారు. గంటల తరబడి ఇదే పని. ముందుకు తూలి ఎక్కడ పడిపోతారోనని చొక్కా వెనక పట్టుకుని కూర్చుంటున్నాను. "ఏం ఏరుతాండావు?" అంటే నా వైపు చూసిన చూపు, ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టుంది. నాకు ఆ చూపు భయం వేసింది. నలభై ఆరేళ్లు కాపురం చేసిన మనిషి చూపులా లేదది.

మా అమ్మమ్మ చివరి రోజుల్లో గాలితో మాట్లాడేదట. ఇదీ అలాంటిదేనా?

మీ
రుక్మిణి

*

ఎమ్మిగనూరు,
26 నవంబరు 2024

రుక్మిణికి దీవెనలు.

జంపఖానా నచ్చిందని రాశావు, ఆ వాక్యాన్ని దేవేంద్రకు కూడా చదివి వినిపించాను. "ఏ నంబరు నూలు అన్నాడా అన్న!" అని మగ్గం ఆపి నవ్వాడు. నాకు మనసు ఆగలేదు. హాలు పొడవునా వచ్చేట్టు పెద్దది నేయించి పంపుతున్నాను. దీనికి నల్లంచు ఇంకా వెడల్పు, చారలు ఇంకా దగ్గర. మగ్గం దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుని నేయించాను. ఇది పరిస్తే ఆ రాళ్ల గోల మీకుండదు.

ఇంకోమాట రాయాలా వద్దా అని రెండు రోజులు ఆగాను. దాచడం నాకు చేతకాదు. ఏరడం అని రాశావే, అది మంచిది కాదు రుక్మిణీ. మా అమ్మ పోయేముందు బొంత మీద ఇట్లాగే లేనివి ఏరింది. సరిగ్గా మూడు రోజులు ఏరింది. మా నాయనమ్మ పోయేటప్పుడూ అంతే. పోయే ఘడియ దగ్గరపడిన చెయ్యి ఊరుకోదని పెద్దవాళ్లు అనేవారు. వాణ్ని ఒంటరిగా వదలకు. తులసి నీళ్లు దగ్గర పెట్టుకో. నాకు బస్సెక్కే ఓపికుంటే ఇప్పుడే వచ్చి వాడి పక్కన కూర్చునేదాన్ని.

ఏ సంగతీ వెంటనే రాయి.

హనుమంతమ్మ

*

ఎమ్మిగనూరు,
3 డిసెంబరు 2024

రుక్మిణీ,

వారమైంది, నీ నుంచి అక్షరం లేదు. నిన్న దుర్గప్ప వచ్చి చెప్పకూడదనుకుంటూనే చెప్పాడు. "అక్కా, అన్న నుదుటికి పట్టీ ఉండాది. నడుముకి పంచె సుట్టి కుర్చీకి కట్టేసినారు. నన్ను సూసి ఇడిపించమని అడిగినాడు" అన్నాడు.

కట్టేశారా? నా తమ్ముణ్ని? గొడ్డును కూడా నీడపట్టున నెమ్మదిగా కడతారే! జంపఖానా బాగుందని నాకు తీపి కబుర్లు రాసి అక్కడ మీరు చేస్తున్నది ఇదా? నిన్ను ఇంటికి తెచ్చుకున్న రోజున ఈ పిల్ల చేతిలో నా తమ్ముడికి లోటుండదని మా అమ్మతో చెప్పినదాన్ని నేనే. నా మాట నేనే మింగాలి.

నీకు చేతకాకపోతే చెప్పు, ఇక్కడికి పంపు. మట్టి మీద పడుకోబెట్టుకునైనా చూసుకుంటాను.

హనుమంతమ్మ

*

ఆదోని,
5 డిసెంబరు 2024

వదినా,

మీ ఉత్తరం చేతికొచ్చినప్పుడు ఆయన ఎదురుగానే ఉన్నాను. చదివి, మడిచి, మళ్లీ చదివాను. మీరు రాసిందాంట్లో తప్పేమీ లేదు. తప్పు నాది, మొదటి నుంచీ నాదే.

మీ మొదటి జంపఖానా బాగుందని అబద్ధం రాశాను. నూలు నంబరు అడిగిన మాట నిజం. కానీ నడవమంటే దాని అంచు దగ్గర ఆగిపోయారు. తర్వాత ఒక్కొక్క నల్లచారకూ కాలు పైకెత్తి పెట్టారు, మెట్లెక్కినట్టు. ఉత్త నేల మీద మెట్లెక్కే మనిషిని ఎప్పుడైనా చూశారా? రెండుసార్లు తూలితే పట్టుకున్నాను. ఆ సాయంత్రమే చుట్టి బీరువా వెనక పెట్టేశాను. మీరు ప్రేమతో పంపింది, మీ మనసు కష్టపెట్టడం ఎందుకని బాగుందని రాశాను.

ఆ అబద్ధం రెండోదాన్ని ఇంటికి తెచ్చింది. శశికాంత్ మీ ఉత్తరం చదివి "అత్తకి అంత నచ్చిందని రాసినావు కదా" అంటూ హాలు పొడవునా పరిచాడు. అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరవలేదు. మర్నాడు ఆయన ఆ చారల మీద కాళ్లెత్తుకుంటూ "మెట్లు, మెట్లు" అని నడిచారు. చివర వెడల్పాటి నల్లంచు వచ్చేసరికి గాల్లో కాలు పెట్టి, అలాగే ముందుకు పడి వాకిలి చెక్కకు నుదురు కొట్టుకున్నారు. అయిదు కుట్లు. తుంటి విరగలేదు, అది ఏ పుణ్యమో. డాక్టరు మాత్రం "ఇంకొక్కసారి పడితే మంచమే" అన్నాడు.

అప్పుడు శశికాంత్ ఆ జంపఖానా చుట్టేసి, ఆయన్ని కట్టాడు. ముడి వేస్తూ వాడు ఏడ్చాడు వదినా, మీరు వాణ్ని తిట్టకండి. వాడు మండీకి వెళ్లాక ముడి విప్పాలని చేతులు వెళతాయి. విప్పితే లేస్తారు, లేస్తే పడతారు. ఆయన నన్ను చూసి "అమ్మా, నేనేం తప్పు చేసినాను? ఇడిపించు తల్లీ, కాళ్లు మొక్కుతా" అంటారు. నా మొగుడు నాకు కాళ్లు మొక్కుతానంటుంటే నేను చెవులు మూసుకుని వంటింట్లోకి పోతున్నాను.

మీరు మూడు రోజులన్నారు. ఆ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి పొద్దున లేవగానే ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను. మూడు రోజులు దాటాయి, ఆరు దాటాయి. కట్టేసిన కుర్చీలో కూడా వంగి ఏరాలని చూస్తున్నారు, పంచె కోసుకుని నడుము ఎర్రబడింది. నాకు చాలా భయంగా ఉంది. పడతారని భయం, పోతారని భయం, ఇలాగే కట్టేసి ఉంచడానికి నేను అలవాటుపడిపోతానేమోనని అన్నిటికంటే ఎక్కువ భయం.

తిట్టండి. కానీ ఏం చెయ్యాలో రాయండి.

రుక్మిణి

*

ఎమ్మిగనూరు,
10 డిసెంబరు 2024

రుక్మిణికి,

తిట్టను. నీకు అబద్ధం రాయాల్సిన అవసరం తెచ్చిపెట్టింది నా నోరే. బాగలేదని రాస్తే ఊరుకునేదాన్నా? నాలుగు పేజీలు దులిపేదాన్ని. కాబట్టి వాడి నుదుటి కుట్లలో సగం నావి.

నీ ఉత్తరం పట్టుకుని దేవేంద్ర ఇంటికి పోయాను, చెడ్డ కోపంతో, ఏం నేశావురా అని అడగడానికి. వాళ్లమ్మాయి సుధ బెంగళూరులో ఇట్లాంటి మతిపోయిన పెద్దవాళ్లను చూసుకునే చోట నర్సుగా చేస్తోంది, సెలవు మీద వచ్చి ఉంది. ఆ పిల్ల ఉత్తరం చదివి నా చెవి దగ్గర కూర్చుని అరిచి అరిచి చెప్పింది. "అవ్వా, తాత కండ్లు బాగుండాయి. కన్ను సూసిందాన్ని మెదడు తప్పుగా సదువుతాంది. నేల నిగనిగలాడితే ఆయనకి నీళ్లు. నల్లపట్టీ అంటే గుంత. సారలు మెట్లు మాదిరి కనపడతాయి. సుక్కలుంటే ఏందో కింద పడిందనుకుని ఏరుకుంటాడు. మొండితనం కాదవ్వా, నువ్వైనా గుంతలోకి కాలు పెడతావా?"

చుక్కలు అనగానే నాకు వెలిగింది. ఏరి కళ్లకద్దుకుంటున్నాడని నువ్వు రాశావే, ఇద్దరం ఎంత మొద్దులం రుక్మిణీ! వాడికి ఎనిమిదేళ్లప్పుడు మండీలో నేల మీద పడ్డ పత్తి పింజను తొక్కాడని మా నాన్న చెంప పగలగొట్టాడు. పత్తి లక్ష్మి, కాలికింద పడకూడదని. ఆ రోజు నుంచి వాడు పింజ కనపడితే వంగి తీసి, కళ్లకద్దుకుని, ఒళ్లో వేసుకోకుండా అడుగు వేసింది లేదు. హమాలీలు కూడా వాణ్ని చూసి నేర్చుకున్నారు. మండీ పైన నలభై ఏళ్లు ఉన్నదానివి నువ్వు, వాడితో పుట్టినదాన్ని నేను, ఇద్దరికీ తట్టలేదు. తెల్లచుక్కలు వాడికి పింజలు. తొక్కకూడదని ఏరుతున్నాడు. వాడు చేస్తున్నది వాడి పని. దానికి చావు ఘడియ అని పేరుపెట్టి నీ ఆరు ఉదయాలు పాడుచేశాను. నన్ను క్షమించమని రాయడం నాకు చేతకాదు, రాశాననుకో.

సుధ చెప్పింది, నేల అంతా ఒకే రంగు ఉండాలి, మెరవకూడదు, గదికీ గదికీ రంగు మారకూడదు, పట్టీలూ అంచులూ ఉండకూడదు. గోడ రంగు వేరేగా ఉంటే నేల ఎక్కడ అయిపోతుందో వాడికి తెలుస్తుంది. విడి గుడ్డ ఏదీ వేయొద్దు, జారుతుంది. రాళ్లు మార్చేదాకా అయితే మట్టిరంగు సాదా జంపఖానా నాలుగువైపులా గోడదాకా పరిచి, కదలకుండా నేలకు అంటించమంది.

అక్కడే చిక్కొచ్చింది. దేవేంద్ర మగ్గం మీది నుంచి దిగి నిలబడ్డాడు. "అక్కా, అంచు లేకుండా నేసేది ఆఖరి గుడ్డకే. బతికున్న మనిషి కాళ్లకింద పరిసేదానికి నేను నేయలేను" అన్నాడు. నేనూ ఆ మాటే అనబోతున్నాను. నా నోటి చివర ఉంది. వాడు పోతాడని నీకు రాసిన చేత్తోనే వాడికి అంచు లేని బట్ట పంపాలా? ఒక పూటంతా ఆ అరుగు మీదే కూర్చున్నాను. చివరికి నీ ఉత్తరంలో "కాళ్లు మొక్కుతా" అన్న మాట మళ్లీ చదివాను. లేచి దేవేంద్రను చెయ్యి పట్టుకుని మగ్గం ఎక్కించాను. దోషం ఉంటే నా మీద వేసుకుంటానని చెప్పాను.

దీంతోపాటే పంపుతున్నాను. ఒక మూల అడుగువైపు పసుపు రాశాను, వాడి కంటికి కనపడదు. అది ఆ గుడ్డ కాదని దేవుడికి తెలియాలి కదా.

హనుమంతమ్మ

*

ఆదోని,
26 డిసెంబరు 2024

వదినగారికి నమస్కారాలు.

విడిపించాం. ముందు ఆ మాట రాస్తున్నాను, మీరు మిగతాది నెమ్మదిగా చదువుకోవచ్చు.

మీ జంపఖానా ఆయన గది నుంచి బాత్రూముదాకా, నల్లపట్టీ మీదుగా, గోడకూ గోడకూ పరిచి అంటించాడు శశికాంత్. వాడికి నమ్మకం లేదు. "ఇంత మాత్రానికి నడుస్తాడా?" అనుకుంటూనే ముడి విప్పాడు. ఆయన లేచారు. కిందికి చూశారు. ఆయన మామూలుగా, మండీలో ఒక మూల నుంచి ఇంకో మూలకు పోయినట్టు నడిచి బాత్రూములోకి పోయి తలుపు వేసుకున్నారు. శశికాంత్ గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. "నేను కట్టేసినానమ్మా. నాన్నకి గుంత కనపడతాంటే నేను కట్టేసినాను" అని అదే మాట.

మర్నాడే మేస్త్రీని పిలిచాడు. పలకలు ఎంచుకునే పని మాత్రం నాన్నదే అన్నాడు. అంగడి నుంచి అయిదు రకాలు తెచ్చి పెరట్లో పరిచాడు. సుధకు ఫోను చేస్తే, నీళ్లు చల్లి ఎండలో చూడమంది, తడిసినా మెరవనిది కావాలట. రెండు అక్కడే పోయాయి. మిగిలిన మూడింటి మీద ఆయన్ని నడిపించాం. ఆయన కూర్చుని పింజ పొడవు చూసినట్టు వేళ్లతో ఒక్కోదాన్నీ రాసి, గరుకుగా మట్టిరంగులో ఉన్నదాని మీద అరచెయ్యి ఆనించి "ఇది బాగుండాది, దీంట్లో తేమ లేదు" అన్నారు. పత్తి గురించే అన్నారేమో. అదే వేయించాం. నల్లపట్టీలు తీసేశారు, వసారాలో చుక్కల రాయి కూడా పోయింది. ఆయన ఏరడం మానేశారు. పాపం, ఏరడానికేమీ లేదని కాస్త వెలితిగా కూడా చూస్తున్నారు.

ఇక్కడితో ఆపగలిగితే బాగుండేది. నడక వచ్చింది కదా, శనివారం పొద్దున గేటు తీసుకుని వెళ్లిపోయారు. చెప్పులు లేవు. లారీలు తిరిగే పెద్దరోడ్డు దాటుకుని మార్కెట్ యార్డులో పత్తి కుప్ప పక్కన కూర్చుని ఉంటే దుర్గప్ప చూసి తీసుకొచ్చాడు. ఆ ముప్పావు గంటలో వీధి వీధీ తిరిగాను. ఎవరినడిగానో, ఏమడిగానో నాకే తెలియదు.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది, మీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది. బీరువా వెనక నుంచి మీ మొదటి జంపఖానా తీశాను. చారలు కింద పడేట్టు మడిచి, నాలుగు వేళ్ల నల్లంచు ఒక్కటే కనపడేట్టు వీధి తలుపు ముందు పరిచాను. ఆయన వచ్చారు, చూశారు, వెనక్కి తిరిగి గదిలోకి పోయారు. నాలుగు రోజులుగా అంతే. పని చేసింది వదినా. నేను ఇప్పుడు వంట చేసుకోగలుగుతున్నాను. కానీ వెనక్కి తిరిగేటప్పుడు ఆయన పెదవులు వణుకుతాయి.

తప్పు చేస్తున్నానా?

రుక్మిణి

*

ఎమ్మిగనూరు,
30 డిసెంబరు 2024

రుక్మిణికి దీవెనలు.

తప్పూ లేదు, గిప్పూ లేదు. లారీ కింద పడేకంటే జంపఖానాకు భయపడడం మేలు. నా మొదటి జంపఖానా ఇన్నాళ్లకు ఒక పనికొచ్చింది, నీకు తెలివి కూడా వచ్చింది, రెండూ ఆలస్యంగానే. ఇంతకాలం నిన్ను అమాయకురాలివనుకున్నాను.

సుధ బెంగళూరు వెళ్లిపోయింది. పోతూ పోతూ "రుక్మిణవ్వను కూడా సూసుకోమని సెప్పు, ఆమె కూడా మనిషే" అంది. ఆ పిల్ల చెప్పిందాన్ని చెప్పాను.

అంచు లేని బట్ట పంపిన రోజు నుంచి నాకు నిద్ర లేదు, నడిచాడని నువ్వు రాశాకే పట్టింది. ఆ పసుపు మూల ఎటువైపు పడిందో చూశావా?

హనుమంతమ్మ

*

ఆదోని,
6 జనవరి 2025

వదినగారికి నమస్కారాలు.

మొదటి జంపఖానా దుర్గప్పతో తిప్పి పంపుతున్నాను. కోపగించుకోకండి. ఎందుకో చెబుతాను.

ఈ పొద్దున పాలవాడు గేటు దగ్గర పిలిచాడు. గిన్నె పట్టుకుని తలుపు తీశాను. ఆయన హాల్లో కుర్చీలో ఉన్నారు, కట్టులేకుండా. నేను రోజూ దాటినట్టే ఆ నల్లంచు మీద కాలు పెట్టాను. వెనక కుర్చీ పడిన చప్పుడైంది. తిరిగేలోపు ఆయన వచ్చేశారు. ఈ మనిషి ఇంత తొందరగా నడిచి ఎన్నాళ్లయిందో. నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వెనక్కి ఒక్క లాగు లాగారు. గిన్నె ఎక్కడికో దొర్లిపోయింది. ఇద్దరం గోడకు కొట్టుకున్నాం.

"లోతుండాది! పడతావే రుక్మిణీ!" అన్నారు.

రుక్మిణీ అన్నారు వదినా. ఏడాదిన్నర తర్వాత.

ఆ నల్లంచు ఆయనకు ఇప్పటికీ గుంతే. దాని దగ్గరకు రావడానికే రోజూ పెదవులు వణికే మనిషి, నేను అందులో పడిపోతున్నాననుకుని దాని అంచుదాకా వచ్చారు. ఆ గుంత తవ్వి పెట్టింది నేను. ఆయన్ని బెదిరించడానికి, నేను సుఖంగా వంట చేసుకోవడానికి. "ఏం లేదు, పడలేదు, ఈడే ఉండాను" అని ఎంత చెప్పినా ఆయనకు నమ్మకం కుదరలేదు. నన్ను నడిపించుకుంటూ మట్టిరంగు నేల మీదికి తెచ్చి, కాలితో తట్టి చూసి, "ఈడ గట్టిగుండాది, ఈడ కూర్చో" అని కింద కూర్చోబెట్టారు. తనూ కూర్చున్నారు.

శశికాంత్ వచ్చాక జంపఖానా తీయించాను. గేటుకు గంట కడుతున్నాడు, తీస్తే మోగేట్టు. మోగితే నేను వెంట వెళతాను. ఆయనకు యార్డు చూడాలని ఉంటే ఇద్దరం కలిసి పోతాం, పత్తి కుప్ప పక్కన కాసేపు కూర్చుని వస్తాం. పడతారన్న భయం నాకు పోలేదు, పోదు కూడా. ఆయనకు నా గురించీ అదే భయం ఉందని ఇప్పుడే తెలిసింది.

పలకలు మార్చేటప్పుడు మట్టిరంగు జంపఖానా లేపితే చూశాను, పసుపు మూల ఆయన మంచం వైపు పడింది.

నా అక్షరాలు వంకరగా ఉన్నాయని ఏమనుకోకండి. కాగితం అదిమిపట్టుకోవాల్సిన చెయ్యి పొద్దుటి నుంచీ ఆయన దగ్గరే ఉంది, ఇంకా వదల్లేదు.

మీ
రుక్మిణి